మడ అడవిలో కాలినడక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఆఫ్రికాలో జీపు దిగి, కాలినడకన వన్యప్రాణులను చూపిస్తారని విన్నాము. సంక్రాంతి సెలవులలో పిల్లలతో కలిసి కోరింగ అభయారణ్యంలో అటువంటి నడక పెట్టుకోవాలని ఉంది. వీలవుతుందా?
– ఒక పాఠకురాలు, రామచంద్రపురం

జవాబు: వీలవుతుంది, అయితే ఆఫ్రికాలో జాంబియా దేశపు దక్షిణ లువాంగ్వా జాతీయ వనం వంటి చోట్ల జరిగే నడకకూ దీనికీ పోలిక తక్కువ. ఏనుగులు, సింహాలు ఎదురుపడే చోటు కనుక అక్కడ తుపాకీ పట్టిన గార్డు తోడు ఉంటాడు. అందరూ ఒకరి వెనుక ఒకరుగా సాగుతారు. కోరింగలో ఉన్నవి బావురుపిల్లి, నీటికుక్క, నక్క వంటివి. అవి మన అలికిడి వినగానే తప్పుకుంటాయి. ఇక్కడ భయపడవలసింది బురదకు, సముద్రపు పోటుకు.

అందుచేత ఇక్కడ నడక అంటే అటవీశాఖ వేసిన చెక్కవంతెన మీద నడకే. దాని మీది నుంచి దిగితే కాలు బురదలో కూరుకుపోవడమే కాక, మడచెట్లు ఊపిరి కోసం నేలలోంచి పైకి పంపే వేళ్లు మన పాదాల కింద నలిగిపోతాయి. తిల్లచెట్టు కొమ్మలను పిల్లలు విరవకుండా చూడండి. దాని పాలు కంట్లో పడితే కొంతకాలం చూపు పోయే ప్రమాదం ఉంది.

వేళ నిర్ణయించడంలోనే అసలు కిటుకు ఉంది. ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక, ఈ రోజు ఉదయం కనిపించిన పాటు (నీరు తీయడం) రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి ప్రాంతాలలో నీరు బాగా ఎక్కి బాగా తీస్తుంది. అష్టమి దగ్గర ఆ తేడా తగ్గుతుంది. సంక్రాంతి సౌరమానపు పండుగ కాబట్టి ఆ రోజు తిథి ఏటేటా మారుతుంది. ముందుగా పంచాంగం చూసి, తరువాత కాకినాడ రేవు పోటు వేళలు కనుక్కుని, నీరు తీసే సమయానికి వంతెన మీద ఉండేలా బయలుదేరండి. అప్పుడు తేలే బురద మీదికే కొంగలు, ఉల్లంకిపిట్టలు మేతకు దిగుతాయి.

జంతువు కనిపించకపోయినా దాని అడుగు కనిపిస్తుంది. తడి బురదలో నాలుగు వేళ్ల ముద్ర ఉంటే పిల్లిదో నక్కదో అనుకోవాలి. అయిదు వేళ్లు, వాటి నడుమ పలచని చర్మం ఒత్తిన గుర్తు ఉంటే అది నీటికుక్కది. గోళ్ల గుర్తు లేకపోతేనే పిల్లి అనే లెక్క ఇక్కడ పూర్తిగా పనికిరాదు. బావురుపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కనుక వాటి మొనలు ఒక్కొక్కసారి బురదలో పడతాయి. పిల్లలకు బైనాక్యులర్ కంటే ముందు ఈ ముద్రలను చూపించండి. నా అభిప్రాయంలో ఈ నడకలో దొరికే గొప్ప వినోదం అదే.

ప్రశ్న: హోప్ ఐలాండ్ మీద రాత్రివేళ నడుస్తూ తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడవచ్చునా?
– ఒక పాఠకుడు, తాళ్ళరేవు

జవాబు: సొంతంగా వెళ్లకండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి మొదలుకొని వేసవి ఆరంభం వరకు ఈ తీరానికి వస్తాయి. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే తల్లి టార్చి వెలుతురు చూసి వెనక్కి మళ్లిపోవచ్చు, తాబేలు పిల్లలైతే వెలుతురును నమ్మి సముద్రం వైపు కాక ఎదురు దిక్కుకు పాకుతాయి. అటవీశాఖ అనుమతి ఇచ్చి, వారి సిబ్బంది తోడు వస్తేనే ఆలోచించండి.