డాక్టర్ సలహా: కూలర్ నీళ్ల సంగతి చెబుతాను, ముందు ఆ దగ్గు చూపించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గోదావరిఖని. మా ఇంట్లో చక్రాలున్న ప్లాస్టిక్ కూలర్ ఉంది. 40 లీటర్ల ట్యాంకు, గడ్డి ప్యాడ్లు. పదిహేను రోజులుగా కూలర్ వేసిన కాసేపటికే నీచు వాసన వస్తోంది. ట్యాంకు అడుగున చెయ్యి పెడితే జిగురుగా తగులుతోంది. నేను రోజూ పైనుంచి నీళ్లు పోస్తూనే ఉన్నాను. బోరు నీళ్లు రానప్పుడు ఆర్వో ఫిల్టర్ నుంచి వదిలేసే నీళ్లు పోస్తాను. రెండు మూతలు డెట్టాల్ కలిపితే సరిపోతుందా? పక్కింటివాళ్లు కర్పూరం బిళ్లలు వేయమంటున్నారు. మా మామయ్యగారికి 66 ఏళ్లు, షుగరు, బీపీ ఉన్నాయి. బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యారు. ఈ కూలర్ గాలి పడకే మూడు వారాలుగా దగ్గుతున్నారని మా అనుమానం. మెడికల్ షాపులో అడిగి రెండుసార్లు కోర్సు వాడాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. సాయంత్రాలు ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటోంది, ఎండలకే అనుకుంటున్నాం. మా నాలుగేళ్ల బాబు కూడా అదే గదిలో పడుకుంటాడు. కూలర్ వల్ల లెజియోనెల్లా అనే న్యుమోనియా వస్తుందని వీడియోలో చూసి టెన్షన్‌గా ఉంది. నీళ్లు ఎన్ని రోజులకోసారి మార్చాలి? అందులో ఏం కలపాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ముప్పాతిక వంతు కూలర్ గురించే ఉంది. నా చూపు మాత్రం మామయ్యగారి గురించి రాసిన నాలుగు ముక్కల దగ్గరే ఆగింది. అరవై ఆరేళ్లు, షుగరు, గనిలో పనిచేసిన ఊపిరితిత్తులు, మూడు వారాల దగ్గు, సాయంత్రం జ్వరం. ఇవన్నీ ఉన్న మనిషి నా ఓపీకి వస్తే నేను ముందుగా రాసేది ఛాతీ ఎక్స్‌రే, తెమడ పరీక్ష. కూలర్ గురించి ఆ తర్వాతే అడుగుతాను.

రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా సరే, టీబీ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ టీబీ కార్యక్రమం కూడా ఇదే చెబుతుంది. మీ మామయ్యగారి విషయంలో అనుమానం ఇంకాస్త ఎక్కువ పడాలి. షుగరు ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ఏళ్ల తరబడి గనిలో రాతి దుమ్ము పీల్చినవాళ్లకు ఆ ముప్పు ఎక్కువే, రిటైరయ్యాక కూడా అది పోదు. సాయంత్రం ఒళ్లు వెచ్చబడటాన్ని ఎండ మీదకు నెట్టేశారు. ఎండ వేడి అందరికీ తగులుతుంది కదా, మరి ఇంట్లో మిగతావాళ్లకు సాయంత్రాలు జ్వరం ఎందుకు రావడం లేదు? ఒకసారి థర్మామీటర్ పెట్టి చూడండి. మూడు రోజులు పొద్దున, సాయంత్రం రాసి పెట్టండి. చొక్కాలు, లుంగీ వదులయ్యాయేమో ఆయన్నే అడగండి. రాత్రిళ్లు దిండు చెమటతో తడుస్తోందా అని కూడా అడగండి. చాలామంది పెద్దవాళ్లు అడిగితే తప్ప చెప్పరు.

నేను ఆయన్ను చూడలేదు, ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టలేదు. కాబట్టి ఇది టీబీ అని అనడం లేదు. టీబీ కాదని తేలకుండా ఇంకో సిరప్ సీసా కొనొద్దు అంటున్నాను. కారణం వేరే కూడా కావచ్చు. బీపీకి ఆయన వేసుకునే మాత్ర పేరు చూడండి. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాగా చివర ‘ప్రిల్’ అని ఉంటే, ఆ మాత్రతోనే కొందరికి పొడి దగ్గు వస్తుంది. అయితే దానికి జ్వరం రాదు. అలాగని మీ అంతట మీరు బీపీ మాత్ర ఆపేయకండి, డాక్టరుతో చెప్పి మార్పించుకోవాలి. గుండె బలహీనత, బీడీ సిగరెట్ల వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, ఆస్తమా, మామూలు న్యుమోనియా కూడా లెక్కలో ఉంటాయి.

మీ కూలర్ అనుమానం పూర్తిగా కొట్టిపారేసేది కూడా కాదు. బూజు పట్టిన ప్యాడ్ల నుంచి వచ్చే గాలి ఆస్తమా ఉన్నవాళ్లకు దగ్గు, పిల్లికూతలు తెప్పిస్తుంది. అరుదుగా కొందరి ఊపిరితిత్తులు ఆ బూజుకి, బ్యాక్టీరియాకి అలర్జీతో వాచిపోతాయి. అలాంటప్పుడు ఆ గాలిలో ఉన్న నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత చలి, జ్వరం, ఆయాసం, పొడి దగ్గు వస్తాయి. వేరే ఊరు వెళ్లి కొన్నాళ్లు ఉంటే తగ్గి, ఇంటికి రాగానే తిరగబెడతాయి. ఆయన ఈ మధ్య ఏ చుట్టాలింటికైనా వెళ్లొచ్చారా? అక్కడ దగ్గు ఎలా ఉంది? ఈ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

లెజియోనెల్లా విషయానికి వస్తే, ఆ జబ్బు 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో బయటపడింది. పెద్ద భవనాల కూలింగ్ టవర్లు, షవర్లు, ఫౌంటెన్ల నుంచి ఎగిరే సన్నటి తుంపరలతో అది వ్యాపిస్తుంది. ఇంట్లో గడ్డి ప్యాడ్ల కూలర్ నుంచి ఎక్కువగా వచ్చేది ఆవిరి, తుంపరలు తక్కువ. కాబట్టి ముప్పు కూడా తక్కువే, లేదని మాత్రం చెప్పలేను. పైగా అది వస్తే కొద్ది రోజుల్లోనే తీవ్రమైన జ్వరం, ఆయాసంతో మనిషి మంచం పడతాడు. మూడు వారాలు ఇలా నెమ్మదిగా సాగడం దాని తీరు కాదు.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించిన విషయం. మెడికల్ షాపులో అడిగి రెండుసార్లు కోర్సు వాడామని చాలా మామూలుగా రాశారు. ఏ మాత్రలు? పేర్లు రాయలేదు, బహుశా మీకూ తెలియదు. దగ్గు అనగానే కొన్ని షాపుల్లో లెవోఫ్లాక్సాసిన్ ఇచ్చేస్తారు. ఆ మందుకి టీబీ క్రిమి మీద కూడా పని చేసే శక్తి ఉంది. మొండి టీబీకి మేం దాచుకుని వాడే మందుల్లో అది ఒకటి. అయిదు రోజులు వేసుకుంటే జబ్బు నయం కాదు, కొన్నాళ్లు అణుగుతుంది. దగ్గు తగ్గినట్టుంటుంది, తెమడలో క్రిమి కనపడకుండా పోవచ్చు, ఎక్స్‌రే కూడా కాస్త మెరుగుపడినట్టు మోసం చేస్తుంది. పది పదిహేను రోజులకు మళ్లీ మొదలు. ‘తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది’ అన్న మీ మాట చదవగానే నాకు గుర్తొచ్చింది ఇదే.

పోయిన ఏడాది ఇలాగే ఒక టీచరమ్మ వచ్చింది. నాలుగు నెలల్లో నాలుగు షాపుల మందులు మింగింది. నా దగ్గరికి వచ్చేసరికి ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో పెద్ద గుంత పడింది. మొదటి నెలలోనే తెమడ పరీక్ష చేయించి ఉంటే అంత దూరం రాకపోయేది. ఆమె నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు, ప్రతిసారీ డబ్బు పెట్టి మందు కొన్నది. అదే నాకు ఎక్కువ బాధ.

ఇంకో సంగతి. ఆ మాత్రల్లో చిన్న తెల్ల మాత్ర ఏదైనా ఉందా? అది స్టెరాయిడ్ అయితే రెండు రోజుల్లో హాయిగా అనిపిస్తుంది, జ్వరం కప్పబడిపోతుంది, షుగరు మాత్రం పైకి ఎగబాకుతుంది. లోపల ఇన్ఫెక్షన్ ఉంటే అది ముదురుతుంది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 నిబంధన ప్రకారం లెవోఫ్లాక్సాసిన్ లాంటి మందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి అమ్మారో రిజిస్టర్లో రాసుకోవాలి. మీరు అడిగారు, వాళ్లు ఇచ్చారు. ఇకనుంచి దయచేసి అడగకండి. వాడిన మందుల ఖాళీ స్ట్రిప్పులు, బిల్లులు చెత్తబుట్టలో ఉన్నా సరే ఏరి తీసుకెళ్లండి. వాటిని చూస్తే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

తెమడ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. లేవగానే, ఏమీ తినకముందు నోరు పుక్కిలించి, లోపల్నుంచి దగ్గి తీసిన తెమడ కావాలి, ఉమ్మి కాదు. తెమడలో టీబీ క్రిమి జన్యువు ఉందో లేదో పట్టే సీబీనాట్ గానీ, ట్రూనాట్ గానీ చేస్తారు. ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా వాటితో తెలుస్తుంది. దాంతో పాటు ఎక్స్‌రే, మూడు నెలల సగటు షుగరు చూపించే హెచ్‌బీఏ1సీ చేయించండి. తెమడలో రక్తం పడినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా, మత్తుగా ఉన్నా అపాయింట్‌మెంట్ల కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రిపోర్టులు వచ్చేదాకా బాబుని వేరే గదిలో పడుకోబెట్టండి. తాతయ్య మీద కోపంతో చేసినట్టు కాకుండా, ఆయనకు అర్థమయ్యేలా చెప్పి చేయండి. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ గానీ మాస్కు గానీ అడ్డం పెట్టుకోమనండి. ఒకవేళ టీబీ అని తేలితే ఇంట్లో అందరికీ పరీక్షలు చేస్తారు, జబ్బు లేని చిన్నపిల్లలకు రాకుండా మందు ఇస్తారు. పుట్టినప్పుడు టీబీ టీకా బీసీజీ వేయించాం కదా అని ధీమాగా ఉండొద్దు.

ఇక కూలర్. కిటికీ తలుపులు బిగించి, చక్రాల కూలర్ గది మధ్యలో పెట్టి వాడుతున్నారేమో. అలా చేస్తే ఉన్న గాలే తిరుగుతుంది, తేమ పెరిగి గంటకే ఉక్కపోస్తుంది. దగ్గే మనిషి ఉన్న గదిలో అది అసలే మంచిది కాదు. కూలర్ వెనక భాగం తెరిచిన కిటికీ వైపు ఉండాలి, ఎదురుగా ఇంకో కిటికీ గానీ తలుపు గానీ కాస్త తెరిచి ఉండాలి.

నీళ్లు ఎందుకు చెడిపోతాయంటే, ఆవిరై పోయేది నీరొక్కటే. అందులోని లవణాలు, గాలితో వచ్చిన దుమ్ము ట్యాంకులోనే మిగులుతాయి. పులుసు మరిగేకొద్దీ ఉప్పెక్కినట్టే. మీరు రోజూ పైన కొత్త నీళ్లు పోసినా కింద పాతది అలాగే చిక్కబడుతోంది. ఆర్వో వదిలేసే నీళ్లలో ముందే లవణాలు ఎక్కువ, కాబట్టి అవి కూలర్‌కి వద్దు, బాత్రూమ్ కడగడానికి వాడుకోండి. మీ చేతికి తగిలిన జిగురు బ్యాక్టీరియా కట్టుకున్న పొర. నీచు వాసన దానిదే. పైన ఏది కలిపినా ఆ పొర పోదు, బ్రష్షుతో రుద్దాల్సిందే.

డెట్టాల్ వద్దు. కర్పూరం వద్దు. ఫినాయిల్, సెంట్లు కూడా వద్దు. గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేదాన్ని చర్మానికి, నేలకి వాడే మందుతో పోల్చకూడదు. దక్షిణ కొరియాలో గదిలో తేమ పెంచే హ్యుమిడిఫయర్ నీళ్లలో కలిపే క్రిమినాశక ద్రవాలు ఏళ్ల తరబడి అమ్మారు. చర్మానికి పెద్దగా హాని చేయనివే. 2011లో అక్కడ గర్భిణులు, పసిపిల్లలు ఊపిరితిత్తులు గట్టిపడి చనిపోతుంటే, కారణం ఆ ద్రవాలేనని తేలింది. ఆ యంత్రాలు సన్నటి తుంపర చిమ్ముతాయి, మన కూలర్ అంత చిమ్మదు, రెండూ ఒకటే అనను. కానీ పీల్చే గాలిలో ప్రయోగాలు ఎందుకు? కర్పూరం విషయంలో నా భయం మీ బాబు గురించి. చిన్నపిల్లలు మింగితే ఫిట్స్ వస్తాయి.

చేయాల్సింది ఇది. కూలర్ వాడే రోజుల్లో రెండు రోజులకోసారైనా అడుగున ఉన్న బిరడా తీసి పాత నీళ్లు పూర్తిగా వదిలేయండి. వారానికోసారి ట్యాంకు ఖాళీ చేసి అడుగు, గోడలు బ్రష్షుతో రుద్ది ఆరబెట్టండి. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది చెప్పేది దీని గురించే. డెంగీ దోమ గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. నీళ్లు తగిలాక వారం పది రోజుల్లో దోమలవుతాయి. ఉత్తినే నీళ్లు పారబోస్తే గుడ్లు పోవు, రుద్దితేనే పోతాయి.

ఇప్పుడు పట్టిన జిగురుకి మాత్రం ఒకసారి క్లోరిన్ ద్రావణం వాడొచ్చు. బజార్లో దొరికే, సువాసన లేని, సుమారు 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రవం 100 మిల్లీలీటర్లు 10 లీటర్ల నీళ్లలో కలపండి. కరెంటు ప్లగ్ తీసేసి, కూలర్‌ని ఆరుబయట పెట్టి, గ్లవ్స్ వేసుకుని ట్యాంకు రుద్దండి. 20 నిమిషాలు ఉంచి, వాసన పోయేదాకా మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. లోపల ఆ ద్రావణం ఉండగా ఫ్యాన్ వేయకూడదు. తెల్లటి ఉప్పు చారలకు నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ పనిచేస్తుంది, కానీ అది వేరే రోజు చేయండి. క్లోరిన్ ద్రవంలో ఇవి గానీ, బాత్రూమ్ యాసిడ్ గానీ కలిస్తే విషవాయువు వస్తుంది. మామయ్యగారిని, బాబుని ఆ దరిదాపుల్లో ఉంచొద్దు. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే ఈ పని వాళ్లు చేయకూడదు.

గడ్డి ప్యాడ్లు వాసన పట్టాయంటే కడిగి వాడటం దండగ, మార్చేయండి. ఎండాకాలం మొదట్లో ఏటా కొత్తవి వేయించాలి. రాత్రి కూలర్ ఆపే ముందు పంపు ఆపేసి పది నిమిషాలు ఫ్యాన్ ఒక్కటే తిప్పితే ప్యాడ్లు ఆరతాయి, బూజు తగ్గుతుంది. నీళ్లు పోసేటప్పుడు ప్రతిసారీ కరెంటు ప్లగ్ తీయండి.

కూలర్ శుభ్రం చేశాక దగ్గు తగ్గుతుందేమో చూద్దాం అని ఇంకో వారం ఆగొద్దు. కూలర్ పని ఆదివారం చేసుకోవచ్చు, తెమడ డబ్బా రేపు పొద్దున్నే ఇచ్చి రండి. ఇది మీరు రాసింది చదివి ఇస్తున్న సలహా మాత్రమే, చూసిన డాక్టరు చెప్పేదే ఖాయం. రిపోర్టులు రాగానే, వాడిన మాత్రల పేర్లతో సహా మళ్లీ రాయండి.