ఏ ఓ గ్రూపు రక్తం ప్యాకెట్టూ మ్యాచ్ కాకపోతే బాంబే గ్రూప్ చూడండి
తమ్ముడూ, టెన్షన్ పడకు. అమ్మగారికి ఆపరేషన్ ఉందని, ఆమెది ఓ పాజిటివ్ అన్నారని, శ్రీకాకుళంలో ఏ ఓ ప్యాకెట్‌తోనూ క్రాస్ మ్యాచ్ (ఎక్కించబోయే రక్తం ఆమె రక్తానికి పడుతుందో లేదో చూసే పరీక్ష) కుదరడం లేదని రాశావు. రక్తంలో ఉండే వేరే యాంటీబాడీలూ (పరాయి కణాల మీద దాడి చేసే ప్రోటీన్లు) కారణం కావచ్చు గానీ, ముందు యాంటీ-హెచ్ పరీక్ష చేయించు. నా అనుమానం ఓ లాగే కనిపించే బాంబే గ్రూప్ అనే వేరే రక్తం గ్రూపు మీదే.

19వ క్రోమోజోమ్ మీద ఎఫ్‌యూటీ1 అనే జన్యువు ఉంది. అది తయారుచేయించే ఎంజైమ్, ఎర్ర రక్తకణాల మీది ప్రోటీన్లకూ కొవ్వులకూ ఉండే చక్కెర గొలుసుల చివర ఫ్యూకోజ్ అనే చక్కెరను తగిలిస్తుంది. అలా తయారైన గుర్తే హెచ్ యాంటిజెన్. ఏ, బీ గ్రూపుల గుర్తులు దాని మీద కట్టిన పై అంతస్తులు. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన ఆ జన్యువు రెండు కాపీలూ పనిచేయకపోతే హెచ్ అనే పునాదే ఉండదు. అదే బాంబే గ్రూప్. మామూలు పరీక్షలో ఓ లాగే కనిపిస్తుంది, కానీ రక్తంలో హెచ్ మీద దాడి చేసే యాంటీబాడీ, అంటే యాంటీ-హెచ్, ఉంటుంది కాబట్టి ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదకొస్తుంది. 1952లో బొంబాయిలో భెండే బృందం దీన్ని బయటపెట్టింది.

అమ్మమ్మ, తాతయ్యలది మేనరికం అన్నావుగా, అందుకే ఇంకా అనుమానం. మన వైపు మేనరికాలకు కొదవా! మీ మామయ్యలకూ పిన్నికీ వెంటనే పరీక్ష చేయించు. అమ్మగారిది బాంబే గ్రూపే అయితే, వాళ్లలో ఒక్కొక్కరికీ అదే గ్రూపు ఉండే అవకాశం 25 శాతం ఉంటుంది. విశాఖ బ్లడ్ బ్యాంకులకు డాక్టరుగారి చేతే ఫోన్ చేయించు. హిమోగ్లోబిన్ బాగుంటే ఆపరేషన్‌కు ముందే అమ్మగారి రక్తమే తీసి దాచవచ్చేమో అడుగు. "ఓకి ఓ ఎక్కించేద్దాం" అంటే మాత్రం అస్సలు ఒప్పుకోకు.