చత్వారం వచ్చాక చిటికి కట్టడానికి కళ్ళజోడా, తలకు పెట్టుకునే భూతద్దమా?

నలభై తొమ్మిదేళ్ళు నిండాయనీ, చిటికి కట్టేటప్పుడు, అంటే బొమ్మ ప్రకారం రంగు పడకూడని చోట్ల పోగుల కట్టలకు రబ్బరు చుట్టేటప్పుడు, ఆ కట్టలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు కనిపిస్తున్నాయనీ, కళ్ళజోడు పవరు పెంచుకోవాలా లేక తలకు పెట్టుకునే భూతద్దం కొనాలా అనీ మీరు అడిగారు. తెలంగాణలోని చేనేత ఊరు పుట్టపాకలో నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తూ, ఈ రెండింటికీ డబ్బు తగలేసి, అరవై ఒకటో ఏట అడుగుపెట్టినవాణ్ణి కనుక చెబుతున్నాను. ముందు దర్జీ టేపు ఒకటి తెప్పించి, మీరు పనిలో కూర్చున్నప్పుడు మీ కంటికీ పోగుకూ మధ్య ఎంత దూరముందో ఇంట్లో ఎవరిచేతనైనా కొలిపించండి. ఆ అంకె తెలియకుండా కళ్ళజోళ్ళ దుకాణం మెట్లెక్కడం, కొలత చూసుకోకుండా పడుగు (నిలువు పోగులు) పోయడంతో సమానం.

దూరపు చూపు బాగున్నవారికి ఈ లెక్క కష్టమైనది కాదు. నూరును పవరుతో భాగిస్తే, ఆ అద్దం ఎన్ని సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా చూపుతుందో వస్తుంది: పవరు 2 అయితే 50, రెండున్నర అయితే 40, 3 అయితే 33. మీ వయసులో కన్ను తనంతట తాను సర్దుకునే శక్తి ఇంకా కొంత మిగిలి ఉంటుంది కనుక, లెక్కలో వచ్చినదానికంటే కాస్త తక్కువ పవరే మీకు సరిపోతుంది. నా విషయంలో, పోగులను బిగించి కట్టే చిటికి చట్రం దగ్గర దూరం 38 సెంటీమీటర్లు వచ్చింది, గుంట మగ్గంలో కూర్చుంటే నేత పడే చోటికి 60 వచ్చింది. ఒకే మనిషికి, ఒకే ఇంట్లో, ఒకే చీర కోసం రెండు వేర్వేరు పవర్లు కావలసి వచ్చాయన్నమాట.

ఈ సంగతి మొదటిసారి కళ్ళజోడు కొన్న దుకాణంలో నాకెవరూ చెప్పలేదు. గోడకు వేలాడదీసిన అక్షరాలు చదివించి, తరువాత చేతికి చిన్న అచ్చు కార్డు ఇచ్చి, అది చదవగలిగాను కనుక పని అయిపోయిందన్నారు. మీరేం పని చేస్తారని ఒక్క మాట అడగలేదు. పేపరు చదివే మనిషి దాన్ని ఎక్కడ పట్టుకుంటాడో అదే దూరానికి లోకంలోని పనులన్నీ జరుగుతాయని వీరి నమ్మకం కాబోలు. పైన దూరపు చూపుకు, కింద చదువుకు అని ఇచ్చిన ఆ జోడు పెట్టుకొని మగ్గంలో కూర్చుంటే, కింది గాజు 40 సెంటీమీటర్లకు, పై గాజు వీధి చివరకు పనికొచ్చేవి తప్ప, నా కళ్ళెదుట ఉన్న నేత రెండింటిలోనూ మసకగానే ఉండేది. మూడు నెలలు ముందుకు వంగి నేసినందుకు మెడ నొప్పి మిగిలింది. గీత కనిపించని ఖరీదైన ప్రోగ్రెసివ్ అద్దాలు ఇంకా మేలంటారు కానీ, వాటిలో మధ్య దూరానికి పనికొచ్చే భాగం సన్నగా ఉండి, పక్కలకు చూస్తే బొమ్మ వంకరపోతుంది. అడ్డపోగును మోసే నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తే పనిలో అవి దండగ అని నా అభిప్రాయం.

ఇక భూతద్దం సంగతి. ఐదేళ్ళ కిందట, గడియారాలు బాగుచేసే ఒక స్నేహితుడి దగ్గర చూసి ముచ్చటపడి, నుదుటికి పట్టీతో బిగించుకునే భూతద్దాన్ని, ఎంత పెద్దగా చూపితే అంత మంచిదనుకొని, మూడున్నర రెట్లది కొన్నాను. ఆ వారం చట్రం మీద ఏనుగు బొమ్మల పట్టుచీరకు పేక (అడ్డపోగు) ఉంది. పెట్టుకోగానే పట్టుపోగు పగ్గమంత లావుగా కనిపించి, పదేళ్ళ వయసు తగ్గిపోయినట్టు సంతోషపడ్డాను. కానీ ఆ అద్దంలో స్పష్టత రావాలంటే ముఖాన్ని చట్రానికి జానెడుకన్నా దగ్గరగా, సుమారు 10 సెంటీమీటర్లకు తేవాలి, అంత దగ్గరలో రబ్బరు చుట్టడానికి రెండు చేతులూ పట్టవు, ముక్కుకు వేళ్ళు తగులుతాయి. అంతకన్నా చెడ్డ విషయమేమిటంటే, ఒక్కసారికి రెండు మూడు వేళ్ళ వెడల్పు మాత్రమే కంటికి ఆనుతుంది, పక్కన బొమ్మ గీసిన గ్రాఫు కాగితం చూడాలంటే అద్దం పైకెత్తాలి, మళ్ళీ దించేసరికి నేను ఉన్న గడి ఏదో వెతుక్కోవాలి. అలా ఎత్తుతూ దించుతూ ఒక సాయంత్రం నాలుగు కట్టలను రెండు గళ్ళు పక్కకు జరిపి కట్టేశాను.

ఆ తప్పు అద్దకంలో తెలియలేదు. మగ్గం మీద పేక పడుతుండగా నా భార్య వచ్చి చూసి, "ఏందయ్యా, ఏనుగు తొండం నరికి పక్కన పెట్టినవా?" అన్నది. నిజంగానే తల ఒక చోట, తొండం రెండు గళ్ళ అవతల ఒక చోట ఉన్నాయి. చిటికిలో ఒకే కట్టులో అనేక వరుసల పోగులు కలిసి ఉంటాయి కనుక, ఒక ఏనుగుతో ఆగకుండా చీర పొడవునా ప్రతి ఏనుగుకూ అదే గతి పట్టింది. పట్టు ఇచ్చి నేయించుకునే సేటు కూలి కోసుకొని చీరను నా మొహాన కొట్టాడు.

తరువాత తెలుసుకున్నదేమిటంటే, ఇటువంటి అద్దాలలో రెట్లు పెరిగినకొద్దీ దూరం తరుగుతుంది: ఒకటిముప్పావు రెట్లదైతే సుమారు 35 సెంటీమీటర్లు, రెండున్నర రెట్లదైతే 20, మూడున్నరకు 10. గడియారపు మర కదలకుండా బల్ల మీద ఉంటుంది కనుక ఆ స్నేహితుడికి చెల్లింది. చిటికి కట్టే చేతులకు కనీసం జానెడున్నర ఖాళీ కావాలి, కనుక కొనాలనే పట్టుదల ఉంటే ఒకటిముప్పావు రెట్లు దాటవద్దు. తెగిన పోగును అతకడానికి, రంగు పాకిందో లేదో చూడటానికి మాత్రం పెద్ద అద్దం పనికొస్తుంది, దానికి చేతిలో పట్టుకునేది చాలు. మా అబ్బాయి ఫోన్‌లో పెద్దది చేసి చూడమంటాడు. ఫోన్ పట్టుకున్న చెయ్యి పోగు ఎలా పట్టుకుంటుందో వాడే చెప్పాలి.

అద్దాలకన్నా ముందు వెలుతురు మీద ఖర్చు పెట్టండి. అరవై ఏళ్ళ కంటిలో పాప చిన్నదై, లోపలి కటకం పసుపు తిరుగుతుంది కనుక, ఇరవై ఏళ్ళ కంటికి అందే వెలుతురులో మూడో వంతే లోపలికి చేరుతుందంటారు. మన షెడ్లలో నడినెత్తిన వేలాడే ఒక్క ట్యూబులైటు కింద, మన తల నీడ సరిగ్గా చట్రం మీదే పడుతుంది. మెడ తిప్పగలిగే చిన్న దీపాన్ని కుడిచేతివాటం వారు ఎడమ పక్కన, కంటికి సూటిగా తగలకుండా పెట్టుకోవాలి. రంగు పడని తెల్ల పోగులు కడుతున్నప్పుడు చట్రం వెనుక నల్ల గుడ్డ, మగ్గం మీద ముదురు పడుగు ఉన్నప్పుడు కింద తెల్ల గుడ్డ పరవండి. రూపాయి ఖర్చు లేని ఈ ఉపాయం నాకు ఒక అరపవరు పెంచుకున్నంత పనిచేసింది. నీలానికీ నలుపుకూ తేడా తెలియకపోతే పగటి వెలుతురులోకి తీసుకెళ్ళి చూడండి, ఆ తికమక ఎక్కువగా కటకం పసుపు తిరగడం వల్లనే.

పవరు చూపించుకునే ముందు షుగరు అదుపులో ఉందో లేదో చూసుకోండి. అది పెరిగి తరుగుతుంటే కంటి పవరు కూడా వారానికో రకంగా మారి, చేయించిన జోడు వృథా అవుతుంది. మా చిన్నమ్మ డెబ్బయ్యో ఏట హఠాత్తుగా అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించి, చూపు తిరిగి వచ్చిందని ఊరంతా చెప్పుకున్నది. అది శుక్లం ముదురుతూ కంటికి తెచ్చిన దగ్గరి చూపు మాత్రమేనని, ఏడాదిలో ఆపరేషను అయ్యాక తెలిసింది. అందుచేత అద్దాల అవసరం ఉన్నట్టుండి తగ్గినా వైద్యుడికి చూపించండి.

ఆసు పోసే, అంటే చిటికి కట్టే ముందు పోగును మేకుల మీద అటూ ఇటూ చుట్టే, చేతుల బాధను చింతకింది మల్లేశం గారి యంత్రం తీర్చింది, 2017లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. చిటికి కట్టే కంటికి మాత్రం ఇంకా అటువంటిదేమీ రాలేదు కనుక, నేను రెండు మామూలు జోళ్ళతోనే వెళ్ళదీస్తున్నాను: చట్రానికి రెండుంపావు, మగ్గానికి ఒకటిన్నర. రెండూ నల్ల ఫ్రేములే కావడంతో కలిసిపోయేవి, అందుకని చట్రం జోడు కాడకు ఎర్ర పట్టుపోగు చుట్టాను. తొండం తెగిన ఏనుగుల చీరను మా ఇంట్లో దుప్పటి మీద పరిచారు.