కిరాయి రావట్లేదు, సర్కారు ఆదుకుంటుందా?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని బల్లార్షా. మా నాయన బొగ్గు గనిలో పనికి కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పైన కట్టిన రెండు గదులు స్టాంపు కాగితం మీద 11 నెలలకు రాసి కిరాయికిచ్చాను. ఐదు నెలలుగా పైసా రాలేదు. ఇంటి ఓనర్లకు సర్కారు సాయమేమైనా ఉందా? కరెంటు తీసేయమంటారా?

జవాబు: కరెంటు జోలికి పోకండి. మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం, 1999లోని 29వ సెక్షన్ దాన్ని ఒప్పుకోదు. బాకీ కిరాయిదారుదైనా కేసు మీ మీద పడుతుంది.

రాని కిరాయిని సర్కారు భర్తీ చేసే పథకం లేదు. చట్టం ఓనరుకిచ్చే అసలు అండ రిజిస్టరైన కాగితం. మీరు పోగొట్టుకున్నది అదే. సంవత్సరం దాటని లీజుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ 11 నెలలకే రాస్తారు. ఈ చట్టం వర్తించే ఊళ్లలో ఆ లెక్క చెల్లదు. 55వ సెక్షన్ ప్రకారం ఎన్ని నెలలకైనా రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ చేయించాలి. ఆ బాధ్యత ఓనరుదే. చేయించకపోతే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంతకన్నా ఇబ్బంది ఏంటంటే, షరతుల మీద గొడవొస్తే మీరు రుజువు చేసేదాకా కిరాయిదారు మాటే నిలుస్తుంది.

రిజిస్టరైన లీవ్ అండ్ లైసెన్స్ (గడువు వరకు ఉండటానికి అనుమతి మాత్రమే ఇచ్చే ఒప్పందం) ఉంటే, గడువు తీరాక 24వ సెక్షన్ కింద కాంపిటెంట్ అథారిటీ (ఇలాంటి కేసులు వినే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఖాళీ చేయనన్ని రోజులకు రెట్టింపు సొమ్ము అడగొచ్చు. ఈసారి గదులిచ్చేటప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చుకు వెనుకాడకండి.

ఇప్పటికి మాత్రం మామూలు దారే. బాకీ అడుగుతూ రాతపూర్వకంగా నోటీసు పంపండి, 90 రోజులు ఆగి దావా వేయండి. సమన్లు అందిన 90 రోజుల్లో ఆయన 15 శాతం వడ్డీతో బాకీ కట్టేస్తే ఆ కారణంతో ఖాళీ చేయించలేరు. డబ్బన్నా వస్తుంది కదా.

ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కొంత ఊరట ఉంది. ఇంటిపన్ను పోగా మిగిలిన కిరాయిలో 30 శాతం, బిల్లులేమీ చూపకుండానే మినహాయిస్తారు.

నోటీసుకు ముందు పాత నెలల్లో ఆయన ఫోన్లో పంపిన డబ్బుల స్టేట్‌మెంట్ బ్యాంకు నుంచి తీసుకోండి. కిరాయి ఎంతని ఒప్పుకున్నారో చెప్పడానికి మీ చేతిలో ఉన్న గట్టి రుజువు అదే.