సోమవారం దాకా ఆగకు

శ్రీకాకుళం

చిరంజీవికి అత్త ఆశీస్సులు.

"కూర్చోలేకపోతున్నానత్తా" అని ఫోనులో ఆ ఒక్క ముక్క చెప్పి మిగతాది మింగేశావు. ఏళ్ల తరబడి ఆపరేషన్ థియేటర్లో నర్సుగా నిలబడ్డదాన్ని, నీకు హెచ్‌ఐవీ ఉందని తెలిసినదాన్ని, నా దగ్గర సిగ్గెందుకు నాన్నా?

బస్టాండు గోడల మీద "మొలలకు ఒక్క ఇంజెక్షన్" అని రాసుకున్నవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకు. అక్కడ మందుపెట్టి కాల్చాక విరేచనం ఆపుకోలేక మా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను.

మలద్వారం పక్కన గడ్డకట్టి, సలుపుతూ, జ్వరం ఉంటే అది చీము. మాత్రలతో పోదు, కోసి తీయాల్సిందే. ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే కణాల లెక్క చెప్పే సీడీ4 రిపోర్టు వచ్చేదాకా కూడా ఆగక్కర్లేదు. ఫిస్టులా, అంటే లోపలి నుంచి చర్మం దాకా చీము కారే సన్నని దారి, అయితే వేరు. సీడీ4 తక్కువుంటే డాక్టరు కోయకుండా దారం కట్టి చీము కారనిస్తాడు. తప్పించుకుంటున్నాడనుకోకు, పుండు మానడం కోసమే అలా చేస్తాడు. తీసిన కండ పరీక్షకు పంపమని నువ్వే అడుగు, లోపల టీబీ దాగి ఉండొచ్చు.

మందుల్లేని రోజుల్లో పుండు మానదని మేమూ భయపడేవాళ్లం. 2004లో ఉచిత ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీ మందులు, మొదలయ్యాక రోజులు మారాయి. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, అదుపులో ఉండి, సీడీ4 బాగుంటే నీకూ అందరిలాగే మానుతుంది.

నీకు హెచ్‌ఐవీ ఉన్న సంగతి సర్జనుకు చెప్పు. 2017 చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించకూడదు. ఒకచోట ఇలాంటి కుర్రాణ్ణి ఆపరేషన్ల లిస్టులో అందరికంటే చివర వేశారు. గ్లౌజులు, జాగ్రత్తలు అందరికీ ఒకటే అయినా, పొద్దుటి నుంచి నీళ్లు కూడా లేకుండా సాయంత్రం దాకా పడుకోబెట్టారు. నేను నోరు తెరవలేదు. ఆ పిల్లాడి ఎండిన పెదాలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. నీ విషయంలో ఊరుకోను.

ఆపరేషన్ రోజు నీ ఏఆర్‌టీ మాత్ర మానకు. మత్తు డాక్టరుకు చెప్పి గుక్కెడు నీళ్లతో వేసుకో. తర్వాత ఐరన్, కాల్షియం రాస్తే, ఆ ఏఆర్‌టీ మాత్రలో ఉండే డోలుటెగ్రావిర్‌ను వాటికి 2 గంటల ముందో 6 గంటల తర్వాతో వేసుకోవాలి.

ఇంటికొచ్చాక గోరువెచ్చని నీళ్ల టబ్బులో 10-15 నిమిషాలు కూర్చో, విరేచనమైన ప్రతిసారీ. చోడంబలి, తోటకూర తిని, నీళ్లు బాగా తాగు. విరేచనానికి గట్టిగా ముక్కకు. రక్తం ఆగకపోయినా, ఒంటేలు రాకపోయినా అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లాలి.

సోమవారం పొద్దున్నే ఏఆర్‌టీ పుస్తకం, పాత రిపోర్టులు పట్టుకురా. ఓపీ చీటీల దగ్గర నిలబడి ఉంటాను. ఈలోగా జ్వరం గానీ వస్తే మాత్రం అప్పటిదాకా ఆగకు. అర్ధరాత్రయినా ఫోను చెయ్యి, వస్తాను.

మీ అత్త