పైలట్ చదువుకు పొలం అమ్మాలా?

ప్రశ్న: నాకు 18 ఏళ్లు. విజయవాడలో ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాను. పైలట్ కావాలన్నది నా కోరిక. తెనాలి దగ్గరి పొలం అమ్మి చదివిస్తానని నాన్నగారు అంటున్నారు. ఉద్యోగం గ్యారంటీ అంటూ ఒక ఏజెంట్ అడ్వాన్సు అడుగుతున్నాడు. నాకు కళ్లద్దాలు ఉన్నాయి. ఆడపిల్లకు ఈ ఉద్యోగం ఎందుకని బంధువులు అడ్డు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
- పేరు రాయవద్దన్న పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందుగా పొలం బేరాన్నీ, అడ్వాన్సునూ ఆపండి. ఈ చదువులో డబ్బు కట్టే దశ వైద్య పరీక్షల తర్వాతే రావాలి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన వైద్యుల దగ్గర మొదట క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1 పరీక్ష చేయించుకోవాలి. క్లాస్ 1 లేనిదే కమర్షియల్ పైలట్ లైసెన్సు రాదు. నిర్ణీత పరిమితుల్లో ఉండి, అద్దాలతో చూపు సరిపోతే కళ్లజోడు అడ్డంకి కాదు; రంగులను గుర్తించడంలో లోపం ఉంటే మాత్రం చిక్కే. లక్షలు కట్టి శిక్షణలో చేరాక ఈ లోపం బయటపడితే ఆ నష్టాన్ని ఏ ఏజెంటూ పూడ్చడు.

ఎంపీసీ చదివారు కనుక భౌతికశాస్త్రం, గణితం ఉండాలన్న నిబంధన మీకు సమస్య కాదు. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానయాన నిబంధనలు, సాంకేతిక అంశాలపై డీజీసీఏ జరిపే పరీక్షల్లో ఒక్కో దానిలో 70 శాతం మార్కులు రావాలి. వీటికి ఇంట్లో ఉండే చదవవచ్చు. ఒకటి రెండు గట్టెక్కితే ఈ చదువు మీకు సరిపడుతుందో లేదో తక్కువ ఖర్చుతోనే తేలిపోతుంది.

అసలు ఖర్చు లైసెన్సుకు కావలసిన 200 గంటల ఫ్లయింగ్‌ది. మొత్తం శిక్షణకు సుమారు అర కోటి రూపాయలవుతుంది. ఎయిర్‌బస్ 320 వంటి విమానాన్ని నడిపేందుకు చేసే టైప్ రేటింగ్ ఖర్చు దీనికి అదనం. పైగా లైసెన్సు చేతికి రాగానే ఉద్యోగం వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇస్తున్నారంటే అనుమానించాలి. రాయ్‌బరేలీ సమీపంలోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ప్రభుత్వ అకాడమీ ఇగ్రువా ప్రవేశ పరీక్షకు తప్పక ప్రయత్నించండి. ప్రైవేటు స్కూలైతే ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానాలెన్ని, శిక్షకులెందరు, గత బ్యాచ్ 200 గంటలు పూర్తి చేయడానికి ఎన్ని నెలలు పట్టిందన్నది అక్కడి విద్యార్థులనే అడిగి తెలుసుకోండి. వాతావరణం బాగాలేకనో, విమానం మరమ్మతుకు పోయో గంటలు ఆగిపోతుంటే హాస్టల్ ఖర్చు మాత్రం ఆగదు.

విద్యారుణం ఉంది గాని, పెద్ద మొత్తానికి బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. ఆ హామీకి పొలం పనికొస్తుందో లేదో బ్యాంకులోనే కనుక్కోండి. పనికొస్తే అమ్మకం తప్పుతుంది. అయితే ఉద్యోగం ఆలస్యమైతే వాయిదాలు ఎలా కడతారో ఇంట్లో ముందే లెక్క వేసుకోవాలి.

ఇక బంధువుల మాట. మన దేశపు పైలట్లలో మహిళలు సుమారు 15 శాతం. ప్రపంచ సగటుకు ఇది దాదాపు మూడింతలు. బోయింగ్ 777 కమాండర్ అయిన కెప్టెన్ అనీ దివ్య పెరిగింది విజయవాడలోనే, చదివింది ఇగ్రువాలోనే. రాత్రి డ్యూటీలు, వేరే ఊళ్లో మకాం ఉంటాయన్నది నిజమే. కాని అవి మగ పైలట్లకూ ఉన్నాయి, వారి పెళ్లిళ్లు ఆగిపోయినట్టు నేనెక్కడా వినలేదు!

ముందు ఈ నెలలో క్లాస్ 2 పరీక్షకు సమయం తీసుకోండి. క్లాస్ 1 ఫలితం కూడా వచ్చాక నాన్నగారిని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లండి.