షార్లెట్‌లో 600 మైళ్ల నాస్కార్ రేసును స్టేడియంలో కూర్చుని చూడవచ్చా?

మే నెలాఖరున అమెరికాలోని నార్త్ కరోలినాలో ఉన్న షార్లెట్‌కు, బంధువుల ఇంటికి వస్తున్నామనీ, నాస్కార్ అనే కార్ల పోటీల్లో ఒకటైన కోకా-కోలా 600 రేసుకు టిక్కెట్లు కొందామంటున్నారనీ, కానీ కార్లు గానుగెద్దుల్లా ఒకే బాటలో తిరుగుతుంటే నాలుగైదు గంటలు ఏం చూడాలనీ మీరు అడిగారు. ఈ ఊరిలో స్థిరపడి ఆ రేసును గ్యాలరీ నుంచి చూస్తున్న వ్యక్తిగా చెబుతున్నాను, తప్పకుండా కొనండి. ఎవరు ముందున్నారన్న దానికంటే, పొద్దు వాలి చీకటి పడేలోగా ఒక్కో కారు నడక ఎలా మారుతోందో గమనిస్తే ఈ రేసు మీకు పట్టుబడుతుంది.

షార్లెట్ పక్కనే ఉన్న కాంకర్డ్‌లో 1960లో ప్రారంభమైన ఈ రేసు ట్రాక్ చుట్టుకొలత ఒకటిన్నర మైలు. 600 మైళ్లు పూర్తి కావాలంటే 400 సార్లు చుట్టి రావాలి, నాస్కార్ కప్ సీజనులో ఇంతకంటే పొడవైన రేసు లేదు. మలుపుల దగ్గర రోడ్డు 24 డిగ్రీల వాలుతో ఉంటుంది కాబట్టి, మామూలు రోడ్డు మీద ఊహించలేని వేగంతో కార్లు మలుపు తిరుగుతాయి. సాయంత్రం ఆరు దాటాక ఎండ ఉండగానే మొదలై, ఫ్లడ్‌లైట్ల కింద ముగుస్తుంది. ఎండకు కాగిన తారు మీద టైర్లకు పట్టు తక్కువ, చల్లబడే కొద్దీ ఆ పట్టు పెరుగుతుంది. అందువల్ల సూర్యాస్తమయానికి ముందు అందరినీ దాటుకుపోయిన కారు రాత్రికి మొండికేయవచ్చు, వెనకబడిన కారు పుంజుకోనూవచ్చు.

దీన్ని కళ్లతో కంటే చెవులతో బాగా పట్టుకోవచ్చు. ట్రాక్ దగ్గర అద్దెకు దొరికే స్కానర్‌ను (జట్ల రేడియో మాటలు పట్టే పరికరాన్ని) హెడ్‌ఫోన్లతో పెట్టుకుంటే డ్రైవరుకూ అతని జట్టుకూ మధ్య నడిచే సంభాషణ వినవచ్చు. ముందు చక్రాలు మలుపు తిరగనని మొరాయిస్తే "టైట్" అనీ, వెనక భాగం జారిపోతుంటే "లూజ్" అనీ డ్రైవరు చెబుతాడు. కాసేపటికి అదే కారు పిట్‌లోకి, అంటే టైర్లు మార్చి పెట్రోలు పోసే చోటికి, వచ్చినప్పుడు చూడండి, వెనక అద్దంలోని రంధ్రంలో పొడవాటి రెంచి దూర్చి ఒకరు సగం చుట్టో, ఒక చుట్టో తిప్పుతారు. చక్రాల మీద బరువు పంపిణీ ఆ మాత్రానికే మారుతుంది. జాకీ పట్టుకున్న మనిషి కుడివైపు కారును లేపి దించి, ముందు నుంచి చుట్టి పరుగెత్తి ఎడమవైపు లేపుతాడు. నాలుగు టైర్లు మార్చడం, పెట్రోలు పోయడం కలిపి సుమారు పది సెకన్లలో అయిపోతాయి. నా మట్టుకు నాకు మొత్తం రేసులో ఇంతకంటే అందమైన దృశ్యం మరొకటి లేదు.

ముందున్నవాడే గెలుస్తాడని అనుకోవద్దు. ఈ రేసును నాలుగు స్టేజీలుగా, అంటే భాగాలుగా, విడగొడతారు. 2025లో డ్రైవరు విలియం బైరన్ మొదటి మూడు స్టేజీలనూ గెలిచి, 283 ల్యాపులు (చుట్లు) ముందుండి నడిపించాడు. మరో డ్రైవరు రాస్ చాస్టెయిన్ కారు ముందురోజు ప్రాక్టీసులోనే దెబ్బతింది. అతని జట్టు రాత్రికి రాత్రి మరో కారును సిద్ధం చేయగా, అతడు అందరికంటే వెనక, 40వ స్థానం నుంచి బయలుదేరాడు. ఇంకా 6 ల్యాపులే మిగిలి ఉండగా బైరన్‌ను దాటి గెలిచాడు! ఫ్లోరిడాలో తరతరాలుగా పుచ్చకాయలు పండించే రైతు కుటుంబం అతనిది, గెలిచిన ప్రతిసారీ కారెక్కి ఒక పుచ్చకాయను నేలకేసి పగలగొడతాడు.

ఈ రేసు, అమరులైన సైనికులను స్మరించుకునే మెమోరియల్ డేకు ముందురోజు, ఆదివారం జరుగుతుంది. ముందు అద్దం పైన డ్రైవరు పేరుండే చోట, దేశం కోసం ప్రాణాలిచ్చిన ఒక సైనికుడి పేరు రాస్తారు. సగం రేసు అయ్యాక కార్లన్నీ పిట్ దారిలో వరుసగా ఆగి ఇంజన్లు ఆపేస్తాయి. అప్పుడు అందరితో పాటు మీరూ లేచి నిలబడండి.

సీట్ల విషయంలో నా సలహా ఒక్కటే: ధర ఎంత తక్కువైనా కింది వరుసలు వద్దు. అక్కడ ట్రాక్ అవతలి వైపు కనిపించదు, అరిగిన టైర్ల రబ్బరు తునకలు మొహాన పడుతుంటాయి. స్టార్ట్ గీతకు దగ్గరగా, వీలైనంత పై వరుసలో తీసుకుంటే నాలుగు మలుపులూ, పిట్ దారీ కనిపిస్తాయి. పిల్లలు వస్తే వారి చెవులను పూర్తిగా కప్పే ఇయర్‌మఫ్‌లు తప్పనిసరి, దూది సరిపోదు. వానను కూడా లెక్కలో పెట్టుకోండి. ఇలాంటి ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు) ట్రాక్ తడిగా ఉంటే ఇంతటి వేగంతో కార్లను నడపలేరు, 2024లో వాన వల్ల 249 ల్యాపులకే ఆపేసి, అప్పటికి ముందున్న క్రిస్టఫర్ బెల్‌ను విజేతగా ప్రకటించారు. ఒక్కోసారి వాన వల్ల రేసు సోమవారానికి వాయిదా పడుతుంది కూడా, కాబట్టి ఆ రోజు ఉదయమే తిరుగు విమానం పెట్టుకోకండి.